కొత్త ఊళ్లో స్నేహాలు: ఒక ఇష్టం పరిచయం వరకే, రెండు కలిస్తేనే దోస్తీ

మీ ప్రశ్న: పార్వతీపురం నుంచి ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి ఏడు నెలలైంది. మాదాపూర్‌లో హాస్టల్. ఆఫీసులో సగం మంది ఇంటి నుంచే పని చేస్తారు. ఫోటోలు తీయడం, తెలుగు కథలు చదవడం, షటిల్ ఆడటం ఇష్టం. ఒక ఫోటో వాక్, రెండు ట్రెక్కులు, ఒక బోర్డ్ గేమ్స్ సాయంత్రం, ఒక పుస్తకావిష్కరణ, అన్నిటికీ వెళ్లారు. అందరూ బాగానే మాట్లాడారు, నంబర్లు ఇచ్చారు. ఆ తర్వాత ఎవరూ లేరు. ఆదివారం సాయంత్రం ఎవరికి ఫోన్ చేయాలో తెలియక అమ్మకే చేస్తున్నారు. నాలోనే ఏదైనా లోపం ఉందా అని అడిగారు.

లోపమేమీ లేదండి. ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి. కొత్త ఊళ్లో ఏడు నెలల్లో ఐదు చోట్లకు ఒంటరిగా వెళ్లారంటే మీకు చొరవ ఉంది. నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో ఇరవై ఎనిమిదేళ్లుగా పని చేస్తున్నాను. బదిలీల మీద ఆరు ఊళ్లు తిరిగాను. నాగ్‌పూర్‌లో రెండేళ్లు ఉండి ఒక్క స్నేహం కూడా లేకుండా వచ్చేశాను. చెన్నైలోనూ ఇక్కడా మాత్రం నా అనుకునేవాళ్లు దొరికారు. ఆ తేడా ఎందుకొచ్చిందో చాలా ఏళ్లు ఆలోచించాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. అమెరికాలో కాన్సస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెఫ్రీ హాల్ 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొత్త ఊరికి మారినవాళ్లనూ, కాలేజీలో కొత్తగా చేరినవాళ్లనూ అడిగి, ఒక పరిచయం స్నేహంగా మారడానికి ఎన్ని గంటలు పడుతుందో అంచనా కట్టారు. ముఖపరిచయం మామూలు స్నేహం అవడానికి సుమారు 50 గంటలు, ఫ్రెండ్ అని చెప్పుకోవడానికి 90 గంటల దాకా, దగ్గరి స్నేహానికి 200 గంటల పైన. ఆఫీసులో పక్కపక్కన పని చేసిన గంటలకు అంత బలం లేదని కూడా అందులో తేలింది. కలిసి తిన్నవీ, ఆడినవీ, ఊరికే కూర్చుని మాట్లాడుకున్నవీ లెక్కకొచ్చే గంటలు. ఇవి అమెరికా అంకెలు, మన దగ్గర అచ్చం ఇలాగే ఉంటాయని అనను. కానీ మీ ఐదు చోట్లనూ ఈ లెక్కలో పెట్టి చూడండి. ఒక్కో మనిషితో మీకు గడిచింది మూడు నాలుగు గంటలు. వారానికి రెండు గంటల చొప్పున ఒకే మనుషుల్ని కలిస్తే 50 గంటలకు ఆరు నెలలు పడుతుంది. మీ ఏడు నెలలూ ఐదు ముక్కలైపోయాయి, అంతే జరిగింది.

అలాగని ఒకే చోటికి నెలల తరబడి వెళ్తే చాలా? చాలదు. అది నాగ్‌పూర్‌లో నాకు బాగా తెలిసొచ్చింది. అక్కడ ఎనిమిది నెలలు యోగా క్లాసుకు వెళ్లాను. పొద్దున ఆరింటికి అదే హాలు, అవే ఇరవై మొహాలు. ఎనిమిది నెలల తర్వాత కూడా నా పక్క చాప ఆవిడ పేరు నాకు తెలియదు. కళ్లు మూసుకుని కూర్చుంటాం, చాప చుట్టుకుని బండెక్కుతాం. నేను రాకపోయినా ఎవరికీ ఏమీ ఆగేది కాదు. యోగా మంచిదే, ఇప్పటికీ చేస్తాను. కానీ మనుషుల కోసమైతే మాట్లాడక తప్పని పని కావాలి, మీరు రాకపోతే ఒక చోటు ఖాళీగా కనిపించే పని కావాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. నా అనుభవంలో ఒక ఇష్టం కలిస్తే పరిచయం దగ్గరే ఆగిపోతుంది. రెండో ఇష్టం కూడా కలిసినప్పుడే అది స్నేహం అవుతుంది. ట్రెక్కుకు నలభై మంది వస్తారు. ఆ నలభై మందికీ కలిసేది కొండ ఒక్కటే. కొండ దిగాక మాట కూడా దిగిపోతుంది. ఫోటో వాక్‌లో లెన్సు గురించీ వెలుగు గురించీ రెండు గంటలు మాట్లాడతారు. అది అయిపోయాక ఆ మనిషికి ఏం మెసేజ్ పెట్టాలో తెలియదు. అదే మనిషి మీరు చదివిన కథలే చదువుతాడని తెలిస్తే? అప్పుడు మాట మీ వెంట ఇంటిదాకా వస్తుంది, బుధవారం మధ్యాహ్నం కూడా ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది.

నాకు ఇది ఎలా జరిగిందో చెప్తాను. హైదరాబాద్ వచ్చిన కొత్తలో పిట్టలు చూసేవాళ్లతో కలిసి అమీన్‌పూర్ చెరువుకు వెళ్లడం మొదలుపెట్టాను. మియాపూర్ దాటాక సంగారెడ్డి జిల్లాలో ఉంటుంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చలికాలంలో వలస పక్షులు దిగుతాయి. ఆదివారం పొద్దున ఆరున్నరకు చెరువు కట్ట మీద ఎనిమిది తొమ్మిది మందిమి ఉండేవాళ్లం. మొదటి నెలంతా నేను వెనక నిలబడి చూశాను. మాట్లాడినదల్లా ‘ఎక్కడ?’, ‘ఆ తుమ్మ చెట్టు ఎడమ కొమ్మ’, ‘ఆ, కనిపించింది’ అంతవరకే.

ఐదో వారమో ఆరో వారమో, కట్ట కింద పొదలోంచి ఒక పిట్ట బరువుగా ఎగిరింది. నల్లటి ఒళ్లు, ఇటుక రంగు రెక్కలు. నా పక్కన ఉన్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు చూసిన పిట్టల్ని నమోదు చేసుకునే ఈబర్డ్ యాప్‌ను ఫోన్‌లో తెరిచి ‘గ్రేటర్ కౌకల్, ఒకటి’ అని నమోదు చేసుకున్నాడు. అటు పక్క నుంచి నల్గొండ వైపు పెద్దాయన ఒకరు, రిటైరైన టీచరు, ‘జెముడుకాకి కదా అది’ అన్నారు. మా అమ్మమ్మ నోట విన్న ఆ మాట మళ్లీ నా చెవిన పడి ముప్పై ఏళ్లయింది. ‘మావైపు కూడా జెముడుకాకే అంటామండీ’ అన్నాను. కుర్రాడు ఫోన్ దించేసి, ‘జెముడు అంటే? ఆ ముళ్ల మొక్కా? అందులో ఉంటుందనా?’ అని అడిగాడు. ఆ రోజు తర్వాతి గంటంతా మేం ముగ్గురం మిగతావాళ్లకు వెనకపడిపోయాం. లకుముకి, గిజిగాడు అని ఎవరికి తెలిసిన పేరు వాళ్లు చెప్పుకుంటూ నడిచాం. దసరా సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరికి వెళ్లి, ఊరి బయట పాలపిట్టను చూసి రావడం గురించి పెద్దాయన చెప్పారు. కుర్రాడు హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగినవాడు, పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి అని తెలుసు గానీ ఆ ఆనవాయితీ అతనికి కొత్త.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. అక్కడ పెద్దాయన జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి ఆ పూట చెప్పుకున్న పేర్లన్నీ రాసుకున్నారు. తర్వాతి ఆదివారం నుంచి అది మా ముగ్గురి పుస్తకమైంది. ఏ జిల్లాలో ఏ పిట్టను ఏమంటారో రాస్తాం. ఎవరైనా ఊరెళ్తే అడిగి తెస్తాం. ఇప్పటికి నూటపది పేర్లు దాటాయి. మధ్యలో మా నాన్నగారికి కంటి ఆపరేషన్ పడింది. ఆ రోజే మా బ్రాంచిలో ఆడిట్. పెద్దాయన ‘మీరు బ్యాంకుకు వెళ్లండమ్మా, నేను కూర్చుంటా’ అని నాన్నగారిని తీసుకెళ్లారు. సాయంత్రం వెళ్లేసరికి ఇద్దరూ పిచ్చుకల గూళ్ల గురించి మాట్లాడుకుంటున్నారు.

నిజానికి నాకు పిట్టలంటే ఎంత ఇష్టమో, పాత తెలుగు మాటలంటే అంతకన్నా ఎక్కువ ఇష్టం. ఆ రెండూ ఒకే చోట కలుస్తాయని నేను అనుకోలేదు, ప్లాన్ చేయలేదు. కానీ ఆరు వారాలు వదలకుండా వెళ్లాను కాబట్టి, ఆ పిట్ట ఎగిరిన పూట నేను అక్కడ ఉన్నాను. రెండోది, నాకు తెలిసిన మాటను లోపల దాచుకోకుండా పైకి అన్నాను. ఈ రెండూ మన చేతుల్లోనే ఉంటాయి.

అంతకు ముందు చెన్నైలోనూ ఇలాగే అయింది. డిసెంబర్ సంగీత సీజన్‌లో అక్కడి సభల్లో మధ్యాహ్నం కచేరీలు చాలావరకు ఉచితం. సెలవు రోజున వెళ్లి కూర్చునేదాన్ని. త్యాగరాజ కీర్తనలు అక్కడ వినడానికి వచ్చే తమిళులకు కంఠతా వస్తాయి గానీ అన్ని మాటలకూ అర్థం తెలియదు. పక్క సీటు మామి ఒకావిడ, నేను తెలుగుదాన్నని తెలిశాక, కీర్తనకో మాట పట్టుకుని అడిగేది. నేను అర్థం చెప్తే ఆవిడ నాకు రాగం పేరు చెప్పేది. సభ క్యాంటీన్‌లో కాఫీ తాగుతూ మొదలైన ఆ లెక్క ఇప్పటికీ ఫోన్‌లో నడుస్తోంది. ఇది మీకు ఎందుకు చెప్తున్నానంటే, మీరు మీ యాస గురించి ఒక ముక్క రాశారు. ‘ఏటి’ అనగానే అందరూ నవ్వుతున్నారనీ, అందుకే నలుగురిలో తక్కువ మాట్లాడుతున్నాననీ. దయచేసి అది మానేయండి. మీ ఊరి మాటే మీరు ఇవ్వగలిగింది. కథలు చదివేవాళ్ల మధ్య ఉత్తరాంధ్ర మాట తెలిసిన మనిషికి ఎంత విలువో మీకు ఇంకా తెలియదు. విజయనగరం వైపు కథ ఏదైనా మీరు మీ యాసలో పైకి చదివితే విన్నవాళ్లు మళ్లీ పిలుస్తారు.

ఇక మీ మూడు ఇష్టాల దగ్గరికి వద్దాం.

షటిల్‌తో మొదలుపెట్టండి. ఎందుకంటే డబుల్స్‌కు నలుగురు కావాలి. నాలుగో మనిషి రాకపోతే ఆట ఆగుతుంది, ఫోన్ వస్తుంది. ‘ఎక్కడున్నావ్, బయల్దేరావా?’ అని ఎవరైనా అడగడం కొత్త ఊళ్లో ఎంత బాగుంటుందో నాకు తెలుసు. మాదాపూర్, కొండాపూర్ చుట్టుపక్కల గంట లెక్కన ఇచ్చే ఇండోర్ కోర్టులు చాలా ఉన్నాయి. యాప్‌లో రోజుకో గుంపుతో ఆడకండి. మీ హాస్టల్‌కు దగ్గర్లోని ఒక కోర్టుకు వెళ్లి, అక్కడ చూసుకునే అబ్బాయిని ‘రోజూ వచ్చే బ్యాచ్‌లో ఎవరికైనా మనిషి తక్కువ పడుతోందా’ అని అడగండి. వాళ్లకు అన్నీ తెలుసు. మీ ఆట ఎంతవరకో ఉన్నదున్నట్టు చెప్పండి. కోర్టు ఖర్చు, కాక్‌ల ఖర్చు అడగకముందే పంచుకోండి. వారానికి రెండు పూటలు, అదే టైమ్. ఆట అవగానే బ్యాగ్ సర్దుకుని పరుగెత్తకండి. టీ తాగే ఆ పావుగంటలోనే ఎవరికి ఇంకేం ఇష్టమో బయటపడుతుంది. నా లెక్కలో ఆట గంటకన్నా ఆ పావుగంట ముఖ్యం.

ఫోటోలు, కథలు రెండూ కలిసే చోటు ఈ ఊళ్లో ఒకటుంది. ఆదివారం ఆబిడ్స్. షాపులు మూసి ఉంటాయి కాబట్టి ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. మాదాపూర్ నుంచి మెట్రోలో అమీర్‌పేట వచ్చి, అక్కడ మారి నాంపల్లిలో దిగితే ఆటో ఎంతో దూరం కాదు. తెలుగు పుస్తకాలు గుట్టల్లో ఉంటాయి, ఓపికగా కెలకాలి. ఎవరో బహుమతిగా ఇచ్చి, మొదటి పేజీలో సంతకం చేసి తేదీ వేసిన పుస్తకాలు దొరుకుతాయి. పుస్తకాలమ్మేవాళ్ల ఫోటో తీసేముందు మాత్రం అడగండి. ఒకటి రెండు పుస్తకాలు కొన్నాక అడిగితే వాళ్లే నవ్వుతూ కూర్చుంటారు. మీరు ఒక్కరే వెళ్లకండి, పదిమందినీ పిలవకండి. ఫోటో వాక్‌లో కలిసినవాళ్లలో ఎవరైనా చదువుతారా అని గుర్తు తెచ్చుకోండి. పుస్తకావిష్కరణలో నంబర్ ఇచ్చినవాళ్లలో ఫోన్‌తో బాగా ఫోటోలు తీసేవాళ్లెవరో చూడండి. ఆ రెండు గుంపుల్లోంచి ఒక్కొక్కరిని పిలవండి. మీ ఇష్టాలు రెండూ కలిసే మనిషి ఆ నంబర్లలోనే ఉండి ఉండవచ్చు. కొత్తవాళ్ల కోసం ఆరో చోటికి వెళ్లేముందు ఆ నంబర్లు ఒకసారి తిరగేయండి.

పిలిచే పద్ధతి గురించి కూడా చెప్పాలి, చాలామంది ఇక్కడే జారిపోతారు. ‘ఎప్పుడైనా కలుద్దాం’ అనే మెసేజ్‌కు ‘తప్పకుండా’ అనే జవాబు వస్తుంది, ఆ ఎప్పుడైనా ఎప్పటికీ రాదు. రెండొందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో ‘ఎవరైనా వస్తారా’ అని వేస్తే, అది తమను కాదులే అని అందరూ అనుకుంటారు. ఒక్క మనిషిని అడగండి. రోజు, టైమ్, చోటు చెప్పి అడగండి. ఎప్పటికి అయిపోతుందో కూడా చెప్పండి, వచ్చేవాళ్లకు తేలికవుతుంది. ఇలా రాయొచ్చు: ‘మొన్న మీరు చెప్పిన కథ దొరికింది, చదివాను. ఆ చివర గురించి మాట్లాడాలని ఉంది. శనివారం పదింటికి లామకాన్‌లో టీకి వస్తారా? పన్నెండింటికి నేను వెళ్లిపోవాలి.’ లామకాన్ బంజారాహిల్స్‌లో ఉంది. 2010లో మొదలైంది. టీ, సమోసా తీసుకుని ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. నాటకాలు, చర్చలు, పాటలు జరుగుతుంటాయి కాబట్టి మాట తడబడితే చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది. కుదరదని ఒకసారి అంటే ఇంకోసారి అడగండి. రెండోసారీ కుదరదంటే వదిలేసి ఇంకొకరిని అడగండి. వాళ్లకు మీరు నచ్చలేదని కాదు. ఈ ఊళ్లో చాలామంది శనివారాలు ట్రాఫిక్‌కూ బట్టలుతుక్కోవడానికే సరిపోతాయి.

నలుగురు తేలాక చిన్నగా ఒకటి మొదలుపెట్టండి. రెండు వారాలకోసారి, ఒక కథ, ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి. ఇరవై నిమిషాల కథ చాలు. ముందే చదివి రావాలనే నియమం పెట్టకండి, చదవనివాళ్లు మొహం చాటేస్తారు. రోజు మార్చకండి, ఇద్దరే వచ్చినా ఆపకండి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో సాహిత్య సభలు తరచూ జరుగుతాయి. అక్కడ వెనక వరుసలో ఒంటరిగా కూర్చున్నవాళ్లను గమనించండి, మీలాంటివాళ్లే ఉంటారు. డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన వస్తుంది. చూడటానికి మాత్రమే వెళ్లకండి. చిన్న ప్రచురణకర్తల స్టాళ్లలో ఇద్దరే ఉండి ఉక్కిరిబిక్కిరి అవుతుంటారు. ‘శని ఆదివారాలు సాయంత్రం నేను కూర్చుంటాను’ అని అడిగి చూడండి. బిల్లు రాస్తూ, పుస్తకం తీసిస్తూ రెండు సాయంత్రాలు గడిపితే, సందర్శకురాలిగా పదేళ్లు తిరిగినా పరిచయం కానివాళ్లు పరిచయమవుతారు.

కొన్ని జాగ్రత్తలు. స్నేహంగా మొదలుపెట్టి మూడో కలయికలో ఇన్సూరెన్స్ పాలసీయో, ‘ఖాళీ సమయంలో సంపాదన’ అనే చైన్ స్కీమో బయటపెట్టేవాళ్లు ఈ ఊళ్లో తగులుతారు. బ్యాంకు కౌంటర్‌లో ఆ కన్నీళ్లు చాలా చూశాను. మొహమాటం లేకుండా ‘నాకు వద్దు’ అని లేచి వచ్చేయండి. అప్పు ఇవ్వడం, జామీను సంతకాలు పెట్టడం కనీసం ఏడాది దాకా వద్దే వద్దు. మొదటి రెండు మూడు సార్లు జనం మసలే చోటే కలవండి. చీకటితో బయలుదేరే ట్రిప్పులైతే లైవ్ లొకేషన్ హాస్టల్‌లో ఒకరికి పెట్టండి. మాతో వచ్చే అమ్మాయిలందరూ అలాగే చేస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంకొక మాట. మొదటి రెండు నెలలు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఐదో వారం ‘ఇదంతా దండగ’ అనిపిస్తుంది. నాకు ప్రతి ఊళ్లోనూ అనిపించింది. నాగ్‌పూర్‌లో ఆ మాట విని మానేశాను. ఒక కథల గుంపుకు మూడుసార్లు వెళ్లి, వాళ్లకు వాళ్లే పాత స్నేహితులు, మనకెందుకులే అని ఆగిపోయాను. పాత గుంపులో కొత్త మనిషికి చోటు కావాలంటే వాళ్ల పాత ముచ్చట్లు కొన్నాళ్లు ఊరికే వినాలి. ఆరేడు వారాలకు ఆ ముచ్చట్లలో మీరు ఉన్న రోజులు కూడా వచ్చి చేరతాయి.

ఈ వారానికి రెండే పనులు పెట్టుకోండి. కోర్టు దగ్గర అడగడం ఒకటి. ఫోన్‌లో ఉన్న నంబర్లలో ఒక్కరికి మెసేజ్ పెట్టడం రెండోది. ఫిబ్రవరిలో ప్రపంచమంతా నాలుగు రోజులు పిట్టల్ని లెక్కపెడుతుంది. కనీసం పదిహేను నిమిషాలు ఒక చోట నిలబడి చూసినవన్నీ ఈబర్డ్‌లో నమోదు చేస్తే చాలు, హాస్టల్ మేడ మీద నుంచైనా చేయొచ్చు. మీ కెమెరాకు అది మంచి పని. అప్పుడు అమీన్‌పూర్ రావాలనిపిస్తే చెప్పండి. బైనాక్యులర్ కొనకండి, మా దగ్గర ఒకటి ఎక్కువే ఉంది. మీవైపు పిట్టల పేర్లు మాత్రం అమ్మగారిని అడిగి రాసుకుని రండి. మా పుస్తకంలో పార్వతీపురం పేజీ ఇంకా ఖాళీగా ఉంది.